బల్లకు దూరమైన ఏళ్లు

రక్షణ పొందిన మనిషి ఇంకా పాపం చేస్తాడా? చేస్తే ఆ రక్షణ నిలుస్తుందా, పోతుందా? మన సంఘాల్లో ఈ సంగతి మీద తెల్లవార్లూ వాదించుకునేవాళ్లు ఉన్నారు. నాకది వాదన కాదు. ఆ ఒక్క ప్రశ్న నాకు తిండి సయించకుండా చేసింది, కంటి మీద కునుకు లేకుండా చేసింది, కడుపున పుట్టిన బిడ్డ తల మీద చెయ్యి వెయ్యడానికి కూడా వణికేలా చేసింది. కాలేజీ రోజుల్లో మొదలై ముప్పై దాటేదాకా దాని కిందే బతికాను. ఇప్పుడు నాకు యాభై దాటాయి. హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇన్నేళ్లలో కూటాల్లో లేచి ఈ సాక్ష్యం చెప్పలేదు. చెబితే మధ్యలోనే ఎవరో ఒకరు "అయితే పాపం చేసినా ఫరవాలేదంటావా అమ్మా" అంటారు. ఫరవాలేదని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. చివరిదాకా వింటారన్న ఆశతో రాస్తున్నాను.

మాది ఒంగోలు వైపు బాప్తిస్టు కుటుంబం. ధాతు కరువు వెళ్లిన ఏడు, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. ఆ మందిలో మా వాళ్లు కూడా ఉన్నారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని జనానికి పని చూపించారు. కానీ గంజి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపేశారు. మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లను ఆయన అడిగినవి మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చిన్నప్పుడు నేను మా నాయనమ్మను అడిగాను, ఆ మూడూ మానితే చాలా అని.

"ఆ మూడూ మానినందుకే ఆసాముల చేత దెబ్బలు తిన్నారమ్మాయ్. ఆదివారం పనికి రామంటే ఊరుకుంటారా? ఇంక కోపాలు, తగువులు, సారాయి అంటావా, ఒక్కరోజులో పోతయ్యా? పోతే మళ్లీ మళ్లీ గుడికి పోయేదెందుకు?" అంది.

చదువు రాని మా నాయనమ్మకు తెలిసిన ఈ సంగతి, డిగ్రీ చదివే నాకు తర్వాత పదేళ్లు తెలియకుండా పోయింది.

డిగ్రీ రెండో ఏట ఎండాకాలం సెలవల్లో మా పక్క ఊళ్లో కూటాలు పెట్టారు. షామియానా, మైకుసెట్టు, గడ్డి మీద పరిచిన పట్టాలు. బయటి నుంచి వచ్చిన ఒక బోధకుడు మూడు రాత్రులూ పరిశుద్ధత మీదే వాక్యం చెప్పాడు. గొంతు బాగుండేది. ఆయన హెబ్రీ పత్రిక పదో అధ్యాయంలో 26వ వచనం చదివాడు. సత్యం తెలిసిన తర్వాత బుద్ధిపూర్వకంగా పాపం చేసేవాళ్లకు ఇక బలి మిగల్లేదని చెప్పే వచనం అది. తర్వాత యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయానికి వెళ్లి, దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చెయ్యడన్న మాట చూపించాడు. "నిజంగా తిరిగి జన్మించినవాడి దగ్గరికి పాపం రాదు. నీ దగ్గరికి వస్తోందంటే నువ్వింకా పుట్టలేదు. పుట్టి కూడా చేశావంటే నీకోసం రెండో సిలువ లేదు" అన్నాడు. జనం ఏడ్చారు. నాతోపాటు వచ్చిన పిల్లలూ ఏడ్చారు. పొద్దున్నే లేచి చద్దన్నం తిని, నవ్వుకుంటూ బట్టలు ఉతుక్కున్నారు. నేను లేవలేదు.

బాప్తిస్మం తీసుకొని అప్పటికి నాలుగైదేళ్లయింది. ఆ నాలుగైదేళ్లలో బుద్ధిపూర్వకంగా పాపం చేశానా, లేదా? ఏది బుద్ధిపూర్వకం? అమ్మ మీద విసుక్కున్నప్పుడు విసుక్కుంటున్నానని తెలుసు కదా, ఆపుకోగలిగీ ఆపుకోలేదు కదా. అయితే అది బుద్ధిపూర్వకమే. అయితే నాకు బలి లేదు. లెక్క అంత సూటిగా వచ్చింది. దాన్ని తప్పని చూపించే మనిషి నా దగ్గర లేడు. ఉన్నా నేను అడిగేదాన్ని కాదు, అడగడానికి సిగ్గు.

ఒక లాంగు నోటుబుక్కు కొన్నాను. స్కేలు పెట్టి ప్రతి పేజీకీ మూడు గళ్లు గీశాను. తెలిసి చేసినవి ఒక గడి, తెలియక చేసినవి ఒక గడి, ఏదో తేలనివి ఒక గడి. మూడోదే త్వరగా నిండేది. బస్సులో కండక్టరు చిల్లర ఎక్కువిచ్చాడేమో. "బాగున్నావా" అని అడిగిన ఆమెతో బాగున్నానని అన్నాను, బాగోలేను గదా, అది అబద్ధమేమో. ప్రార్థన చేస్తుంటే కూరలో ఉప్పు గుర్తుకొచ్చింది, అది దేవుణ్ని తక్కువ చెయ్యడమేమో. చిల్లర సంగతి తేలక ఒకసారి బస్టాండుకు తిరిగి వెళ్లి ఆ కండక్టరు కోసం సాయంత్రం దాకా నిలబడ్డాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇంటికెళ్లమ్మా, చీకటి పడుతోంది" అన్నాడు.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా గుళ్లో బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ కప్పిన బల్ల మీద చిన్న చిన్న ముక్కలుగా కోసిన రొట్టె, గాజు కప్పుల్లో ద్రాక్షరసం. పళ్లెం వరుసలో చేతులు మారుతూ వస్తుంది. అయోగ్యంగా తినేవాడు తన మీదకు శిక్ష తెచ్చుకుంటాడని కొరింథీ మొదటి పత్రికలో ఉంది. చిన్నప్పటి నుంచి బల్లకు ముందు చదివి వినిపించే మాటే. కూటాల తర్వాత ఆ మాట నా ఒక్కదాని కోసమే రాసినట్టు వినపడింది. పళ్లెం నా దగ్గరికి రాగానే పక్కావిడకు అందించేదాన్ని. మా సంఘంలో ఒకరు బల్ల తీసుకోలేదంటే నలుగురికీ తెలుస్తుంది. పెళ్లికాని పిల్ల తీసుకోలేదంటే నలుగురూ ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. అమ్మ ఇంటికొచ్చి తలుపు వేసి, "ఎవరన్నా ఏమన్నా చేశారా చెప్పవే" అని ఏడ్చింది. ఏమీ జరగలేదని చెప్పాను. నమ్మిందో లేదో ఆమె పోయేదాకా నాకు తెలియలేదు.

మొదటి బాప్తిస్మం చెల్లలేదేమోనని, ఇంకో సంఘం వాళ్ల దగ్గరికి వెళ్లి చెరువులో మళ్లీ తీసుకున్నాను. నీళ్లలోంచి పైకి లేస్తున్నప్పుడు నిజంగా సంతోషం వేసింది. తడిబట్టలతో గట్టు మీదికి వస్తూ, ఇప్పుడు శుద్ధంగా ఉన్నాను అనుకున్నాను. అనుకోగానే ఇంకో ఆలోచన: ఇది గర్వం. గట్టు ఎక్కకముందే అంతా పోయింది. తువ్వాలు పట్టుకొని నిలబడ్డ అమ్మగారు వందనాలమ్మా అంటుంటే బదులు కూడా చెప్పలేకపోయాను.

తర్వాత పెళ్లి. మా అత్తగారిది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. మెతక మనిషి. నోటుబుక్కు చూసి, "ఇదేంటి, చిట్టీల లెక్కా" అని అడిగి, చదివాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్లు సర్దుకున్నట్టే ఉంది. పాప పుట్టాక మొత్తం విరిగి మీద పడింది.

మార్కు మూడో అధ్యాయంలో పరిశుద్ధాత్మను దూషించే పాపానికి క్షమాపణ లేదని ఉంది. ఒకరోజు పాపకు పాలిస్తూ ప్రార్థన చేసుకుంటుంటే, నాది కాని ఒక మాట, పరమ నీచమైన మాట, దేవుణ్ని గురించి నా తలలో పుట్టింది. నేను పుట్టించలేదు. వద్దన్నకొద్దీ వచ్చింది. తల విదిలించాను. ప్రార్థన మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడికి వచ్చేసరికి మళ్లీ అదే మాట. అప్పటి నుంచి ప్రతి ప్రార్థనా అలాగే. పొరపాటున పైకి అనేస్తానేమోనని నాలుక పళ్ల మధ్య బిగించి పట్టుకునేదాన్ని. అన్నం తింటే మండేది. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక బాత్‌రూమ్‌లో సిమెంటు నేల మీద మోకాళ్లూని, ఒక్కసారైనా ఆ మాట రాకుండా ప్రభువు ప్రార్థన పూర్తి చెయ్యాలని తెల్లారేదాకా చెప్పేదాన్ని. మోకాళ్ల మీద చర్మం నల్లగా కాయకట్టింది. పడుకునేముందు పాప తల మీద చెయ్యి పెట్టి దీవించడం మానేశాను, నా శాపం దానికి అంటుతుందని. పిల్ల ఏడుస్తుంటే మా అత్తగారు ఎత్తుకునేది.

ఆవిడకు భయం వేసింది. ఆ రోజుల్లో అందరూ చెప్పే దారే ఆమెకూ తెలుసు. ఒక ప్రార్థనా మందిరానికి తీసుకెళ్లింది. నూనె రాసి తల మీద చేతులు నొక్కి, "దాచిన పాపం ఒప్పుకో, వదిలిపోతుంది" అన్నారు. ఉపవాసం ఉండమన్నారు. పాలిచ్చే తల్లిని. పాలు ఇంకిపోయాయి. మూడో రోజుకు వాళ్లు ఆపాలని, నేను చెయ్యని పనులు కూడా చేశానని ఒప్పుకున్నాను. అవి ఇక్కడ రాయను. వాటిలో ఒకటి మా ఆయన మనసును చాలాకాలం కోసింది. అది అబద్ధమని తెలిసి కూడా.

చచ్చిపోతే ఈ లెక్క ఆగుతుందని అనిపించిన రోజులు వచ్చాయి. చస్తే నేరుగా నరకమేనన్న భయం ఒక్కటే ఆపింది. ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఎవరో ఒకరికి ఈరోజే చెప్పండి. టెలి మానస్ అని ప్రభుత్వం వాళ్ల నంబరు ఉంది, 14416. తెలుగులోనే మాట్లాడతారు. నా రోజుల్లో అది లేదు.

మా ఆయన నన్ను పుట్టింటికి తీసుకొచ్చాడు. మా పాత సంఘంలో పనిచేసి రిటైరైన అయ్యగారొకరు ఒంగోల్లోనే ఉండేవారు. రామాపట్నం సెమినరీలో చదివినాయన. ఇంటికొచ్చి, వసారాలో కుర్చీ వేసుకొని కూర్చొని, ప్రార్థన ఏదీ మొదలుపెట్టకుండా, "తల్లీ, ఆ నోటుబుక్కులు ఉన్నాయా" అని అడిగారు. మా ఆయన సంచీలోంచి తీసి ఇచ్చాడు. అయ్యగారు చదవలేదు. పేజీలు తిప్పి, "ఇందులో ఇంకో మనిషి పేరు ఎక్కడన్నా ఉందా" అన్నారు. కండక్టరు ఉన్నాడన్నాను. "ఆయన నష్టపోయాడని వెళ్లావా, నీ లెక్క తప్పిందని వెళ్లావా?" నేను మాట్లాడలేదు. ఆయన గొంతులో కోపం లేదు. ఈ పదేళ్లలో నేను చేసిన ఉపవాసాలు, ఒప్పుకోళ్లు, కన్నీళ్లు అన్నీ నా చుట్టూనే తిరిగాయని నాకు మొదటిసారి కనపడింది. పరిశుద్ధత కోసం అంత పాకులాడి, పిల్ల ఏడుపు కూడా వినలేని దాన్నయ్యాను.

ఆయన చాలా ఆదివారాలు మధ్యాహ్నం వచ్చి కూర్చునేవారు. చెప్పినవన్నీ రాయలేను, కొన్ని రాస్తాను.

కొరింథులో ఏం జరిగిందో చదవమన్నారు. ఉన్నవాళ్లు ముందే వచ్చి తిని తాగి మత్తెక్కి ఉండేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో వచ్చి, ఏమీ మిగలక, సిగ్గుపడి నిలబడేవాళ్లు. పౌలు అయోగ్యమన్నది ఆ తిండిని, బీదవాణ్ని చిన్నబుచ్చే ఆ బల్లను. ఎవరికి వాళ్లు పరీక్షించుకొని తినమన్నాడు. "పరీక్షించుకొని మానుకోమన్నాడా చూడు" అన్నారు అయ్యగారు. చూశాను. అనలేదు. ఏళ్ల తరబడి చదివిన అధ్యాయమే.

యోహాను పత్రిక మొదటి నుంచీ చదవమన్నారు. పాపమే లేదనుకునేవాడు తన్ను తాను మోసం చేసుకుంటున్నాడని మొదటి అధ్యాయంలో ఉంది. పాపం చెయ్యకూడదనే ఇది రాస్తున్నాను, అయినా ఎవరైనా చేస్తే తండ్రి దగ్గర మన తరఫున మాట్లాడేవాడున్నాడని రెండో అధ్యాయం మొదట్లోనే ఉంది. దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చెయ్యడన్నది వీటి తర్వాత మూడో అధ్యాయంలో వస్తుంది. మూడూ రాసింది ఒకే మనిషి, ఒకే పత్రికలో. పాపంలో నెమ్మదిగా కాపురం పెట్టి అదే బతుకనుకునేవాడు దేవుని బిడ్డ కాడని యోహాను చెబుతున్నాడు. పడి ఏడ్చేవాడికి మొదటి రెండు అధ్యాయాలూ రాసి ఉంచాడు. ఆ మూడు రాత్రుల్లో షామియానా కింద ఆ రెండు అధ్యాయాలూ ఎవరూ తెరవలేదు.

హెబ్రీ పత్రిక సంగతీ అంతే. హింసకు తాళలేక క్రీస్తును వదిలి, సమాజంగా కూడడం మానేసి వెనక్కి పోదామనుకునేవాళ్లకు రాసిన పత్రిక అది. 26కు ముందు వచనమూ, 29వ వచనమూ కలిపి చదివితే, దేవుని కుమారుణ్ని కాళ్ల కింద తొక్కి వెళ్లిపోయేవాళ్ల సంగతని తెలుస్తుంది. అమ్మ మీద విసుక్కున్న పిల్ల సంగతి కాదు. మార్కు మూడులోనూ, యేసు దయ్యాలను వెళ్లగొట్టడం ఎదురుగా కళ్లారా చూస్తూ, ఇది దయ్యాల అధిపతి పని అని తేల్చేసిన శాస్త్రులకు చెప్పిన మాట.

ఇంకొక సంగతి చెప్పారు, అది నాకు ఇప్పటికీ ధైర్యం. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆనాటి ఆహారం అడిగిన వెంటనే క్షమాపణ అడగమని ఉంది. నేర్పింది శిష్యులకు. బయటివాళ్లకు కాదు. ఐదో శతాబ్దంలో, మనిషి తన ప్రయత్నంతోనే పాపం లేకుండా బతకగలడన్న పెలాగియస్ బోధ నడిచే రోజుల్లో కొందరు, పరిశుద్ధులు ఆ మాట వినయం కోసం పలుకుతారు గానీ వాళ్లకు దాని అవసరం లేదన్నారు. క్రీ.శ. 418లో కార్తేజీలో కూడిన ఆఫ్రికా బిషప్పులు ఆ వాదనను కొట్టేశారు. పరిశుద్ధులు కూడా నిజంగానే అడుగుతున్నారు, నిజంగానే అవసరముండి అడుగుతున్నారు అని తీర్మానించారు. పదహారు వందల ఏళ్ల కిందట తేలిన మాట. నేను బాత్‌రూమ్‌లో ఒక్కసారైనా తప్పు లేకుండా పూర్తి చెయ్యాలని చూసింది ఆ ప్రార్థననే.

ఇదంతా విని నాకు నయమైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన చెప్పినప్పుడు గుండె తేలికయ్యేది, ఆయన గేటు దాటేసరికి మళ్లీ అనుమానం. సాయంత్రం మా తమ్ముణ్ని పంపి అదే ప్రశ్న ఇంకోలా అడిగించేదాన్ని. కొన్ని నెలలు చూసి అయ్యగారే అన్నారు: "అమ్మా, నా జవాబు తప్పు కాదు. కానీ నువ్వు జవాబు కోసం అడగడం లేదు. ఇది వాక్యంతో తీరేది కాదు, డాక్టరు చూడాల్సింది." మా సంఘంలో ఆ మాట ఒక అయ్యగారి నోటి నుంచి రావడం చాలా పెద్ద సంగతి. విశ్వాసం చాలకే మందులు మింగుతారని అనేవాళ్ల మధ్య ఆయన నాతో గవర్నమెంటు ఆస్పత్రికి వచ్చి, మానసిక వైద్యం ఓపీ వరుసలో నిలబడ్డారు.

అక్కడి డాక్టరమ్మ హిందువు. అంతా విని, "మీ దేవుడి సంగతి మీ అయ్యగారు చూసుకుంటారు. ఒకే క్షమాపణ రోజుకు ఎన్నిసార్లు అడుగుతున్నారో అది మాత్రం నాకు చెప్పండి" అంది. దీన్ని ఓసీడీ అంటారని, వద్దన్న ఆలోచన పదే పదే రావడం, దాన్ని పోగొట్టడానికి ఒక పనిని పదే పదే చెయ్యడం దీని లక్షణమని చెప్పింది. కొందరికది చేతులు కడగడంగా వస్తుంది, కొందరికి తలుపు గడియ చూసుకోవడంగా, భక్తి ఉన్నవాళ్లకు పాపంగా, దూషణగా. ఏది ప్రాణమో దానికే తగులుకుంటుందట. ఫ్లూయాక్సెటిన్ రాసింది. దిగులుకు వాడే మోతాదు కంటే దీనికి ఎక్కువ పడుతుందని, గుణం తెలియడానికి రెండు మూడు నెలలు ఆగాలని ముందే చెప్పింది. అలాగే జరిగింది.

మందు కంటే కష్టమైనది చికిత్సలో రెండో భాగం. ఆలోచన వస్తే రానివ్వాలి. తల విదిలించకూడదు, ప్రార్థన మళ్లీ మొదలుపెట్టకూడదు, క్షమించమని రెండోసారి అడగకూడదు, ఎవరినీ అడిగి ధైర్యం తెచ్చుకోకూడదు. హెబ్రీ 10:26 పైకి చదివి, పుస్తకం మూసి, లేచి వంట చేసుకోవాలి. రాత్రి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆనాటి పాపాలకు క్షమాపణ అడిగి పడుకోవాలి. డాక్టరమ్మ, అయ్యగారు ఇద్దరూ మాట్లాడుకొని పెట్టిన పద్ధతి ఇది. మొదటి వారాల్లో కూరగాయలు తరుగుతుంటే చెమటతో జాకెట్టు తడిసిపోయేది. నరకం గుమ్మం ముందు కూర్చొని వంకాయలు తరిగినట్టుండేది. తరిగాను.

బల్ల తీసుకోవడం చివరికి పెట్టారు. ఆ ఆదివారం మా ఆయన ఒకపక్క, అమ్మ ఒకపక్క కూర్చున్నారు. పళ్లెం మూడో వరుసలో ఉండగానే ఆ మాట తలలో మొదలైంది, మునుపటి కంటే గట్టిగా. పళ్లెం వచ్చింది. రొట్టె ముక్క తీసుకున్నాను. వేళ్ల మధ్య నలిగి పొడి అయింది. ఆ పొడే నోట్లో వేసుకున్నాను. కప్పు ఎత్తేసరికి సగం ద్రాక్షరసం చీర కుచ్చిళ్ల మీద ఒలికింది. మిగతా సగం తాగాను. మాట మోగుతూనే ఉంది, నేను మింగుతూనే ఉన్నాను. మనసు శుద్ధి అయ్యాక తినలేదు, శుద్ధి కాకుండానే తిన్నాను. నా లెక్క ప్రకారం ఆ క్షణంలో నేను నాశనం కావాలి. ఆరాధన అయ్యాక అమ్మ మరక మీద నీళ్లు చల్లుతూ, "పోదులే, నల్లద్రాక్ష" అంది. అదే రాత్రి పాప తల మీద చెయ్యి పెట్టాను.

అయ్యగారు తర్వాత జాన్ బన్యన్ ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చిచ్చారు. మన ఇళ్లల్లో యాత్రికుని ప్రయాణం రాసినాయనగా తెలిసిన బన్యనే. 1666లో జైల్లో ఉండగా అచ్చయిన ఆత్మకథ అది. క్రీస్తును అమ్మేయమని తన తలలో ఒక గొంతు పోరేదని, లేదు లేదు అంటూ తిండి దగ్గర కూడా కొట్టుకునేవాణ్నని ఆయన రాసుకున్నాడు. మూడు వందల ఏళ్లు దాటిన ఆ ఇంగ్లీషాయన కథలో నా వంటిల్లు, నా బాత్‌రూమ్ కనపడ్డాయి. లూథర్ సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకొని, బయటికెళ్లి, ఇంకోటి గుర్తొచ్చి మళ్లీ వచ్చేవాడని మా అత్తగారి సంఘంలో అందరికీ తెలుసు. వీళ్లిద్దరూ బయటపడ్డారు. విలియం కౌపర్ పడలేదు. జాన్ న్యూటన్‌తో కలిసి ఓల్నీలో కీర్తనలు రాసిన కవి. 1773లో వచ్చిన ఒక కల తర్వాత దేవుడు తనను తోసేశాడని నమ్మి, 1800లో పోయేదాకా ఆ నమ్మకంలోనే ఉన్నాడు. ఆయన కీర్తనలు పాడుకొని ఎందరో ధైర్యం తెచ్చుకున్నారు, ఆయనకు మాత్రం ఆ ధైర్యం దొరకలేదు. ఆయన గురించి చదివిన రోజు చాలాసేపు ఏడ్చాను. మందూ మాకూ లేని కాలం.

ఇంతకీ రక్షణకు పాపం మానాలా? పౌలు రోమా ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్న తనే వేసుకొని, కృప ఎక్కువ కావాలని పాపంలో ఉండిపోదామా అంటే కానే కాదంటాడు. నేనూ అంటాను. కానీ మానడం రక్షణకు కట్టే వెల కాదు. రక్షణ చేతికొచ్చినవాడు జీవితమంతా చేసే పని. మానేశాక రమ్మంటే ఏ ఒక్కడూ రాలేడు. అంతియొకయలో పేతురు మనుషులకు భయపడి అన్యజనులతో తినడం మానేసినప్పుడు పౌలు ముఖం మీదే నిలదీశాడని గలతీ పత్రికలో ఉంది. పేతురు అప్పటికి అపొస్తలుడు. నిలదీశాడు గానీ, నీకు రక్షణే లేదని అనలేదు. పరిశుద్ధత బోధకు మూలపురుషుడని చెప్పుకునే జాన్ వెస్లీ కూడా, తెలిసి చేసే అతిక్రమానికీ బలహీనత వల్ల దొర్లేదానికీ తేడా చూపించాడు, రెండోదానికీ క్రీస్తు రక్తం కావాలన్నాడు. సంపూర్ణతకు చేరానని తన గురించి తాను చెప్పుకోలేదు. ఆయన పేరు చెప్పుకొని మైకులో అరిచేవాళ్లు ఇవి చదివితే బాగుండు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. ఆ కూటాల్లో ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి, మా బంధువే, ఆ ఏడే కొడుకు పెళ్లికి కట్నం లెక్కపెట్టి తీసుకున్నాడు. తక్కువైందని కోడల్ని మూడు నెలలు పుట్టింట్లో కూర్చోబెట్టాడు. తెలిసి, బుద్ధిపూర్వకంగా. ఆయనకు హెబ్రీ 10:26 తగల్లేదు, హాయిగా ఆమెన్ అన్నాడు. ప్రతి నెలా బల్ల తీసుకున్నాడు. ఆకలిగొన్నవాణ్ని పక్కన నిలబెట్టి తిన్న కొరింథు వాళ్లలాగే తిన్నాడు. కఠినమైన మాట చెప్పాల్సినవాళ్లకు పేరు పెట్టి, ఇంటికెళ్లి చెప్పకుండా, మైకులో అందరి మీదా విసిరితే అది మందచర్మం వాళ్ల మీద నుంచి జారి, లేతమనసుల్లో దిగుతుంది. కొరింథీ మొదటి పత్రికలో పౌలు ఒక మనిషిని సంఘం నుంచి వెలివేయమంటాడు. రెండో పత్రికలో, పశ్చాత్తాపపడ్డ ఒక మనిషిని క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖం వాణ్ని మింగేస్తుందంటాడు. ఇద్దరూ ఒకరేనని చాలామంది అంటారు. ఒకరైనా ఇద్దరైనా, ఎదుటి మనిషి ఎవరో చూసి మాట్లాడాడు. మన బోధకుల్ని నేను అడిగేది అదే, ఎదురుగా ఎవరున్నారో చూడమని. కట్నం తీసుకున్నవాడికి బల్ల ఆపండి. మోకాళ్లు కాయలు కాసిన పిల్లను పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

మందు చాలా ఏళ్లు వాడి డాక్టరమ్మ చెప్పాకే ఆపాను. ఒకసారి తిరగబెట్టింది, మళ్లీ వాడాను. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వస్తే రానిస్తాను. నాలో పాపం ఉంది. కోపం ఉంది, మా తోటికోడలి మీద పాత కక్ష ఒకటి పూర్తిగా పోలేదు. రాత్రి అడుగుతాను, ఒకసారి. పొద్దున లేచి ఆమెకు ఫోన్ చెయ్యడం గురించి ఆలోచిస్తాను. ఆలోచనలు నా గళ్ల నుంచి మనుషుల దగ్గరికి మళ్లాయి. నాకు దొరికిన స్వస్థత అదే.

పోయిన నెల మా సండే స్కూల్లో ఇంటర్ చదివే ఒక పిల్ల బల్ల తీసుకోలేదు. పళ్లెం పక్కకు అందించిన తీరు చూసి నాకు ఒళ్లు జలదరించింది. బయటికొచ్చాక వేపచెట్టు కింద కూర్చోబెట్టి, "ఎన్నిసార్లు అడుగుతున్నావే క్షమాపణ" అన్నాను. పిల్ల ఉలిక్కిపడి నా వైపు చూసింది, మీకెలా తెలుసు టీచర్ అంటూ. వాళ్లమ్మతో మాట్లాడాను. దయ్యం పట్టిందని ఎవరో ఆమెకు ముందే చెప్పారు, ఉపవాస ప్రార్థనకు రోజు కూడా నిర్ణయించారు. అది ఆపించాను. మా కొత్త అయ్యగారితో కూడా మాట్లాడాను, చిన్నాయన, ఓపిగ్గా విన్నాడు, తనూ వస్తానన్నాడు. వచ్చే బుధవారం ఓపీ ఉంది. పొద్దున ఎనిమిదికల్లా వెళ్లి చీటీ రాయించుకుంటే పదకొండుకు డాక్టరు చూస్తారు. స్కూలుకు సెలవు పెట్టాను.